పతనకాలంలో తెరిచి ఉన్న దుకాణం: పాలమూరు శివారులోని ఒక రేషన్ షాపుపై సమీక్ష

మహబూబ్‌నగర్ శివారులో, ఒకప్పుడు వేరే గ్రామంగా ఉండి తర్వాత పట్టణంలో కలిసిపోయిన ఒక బస్తీలోని చౌకధరల దుకాణం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రేకుల కప్పు, ఒకే షట్టరు, ముందర వేపచెట్టు, చెట్టు కింద కూర్చోవడానికి వేసిన రెండు తాండూరు బండలు, గోడమీద సగం చెరిగిపోయిన ధరల పట్టిక: చూడటానికి అంతకు మించి ఏమీ లేదు. దుకాణానికి పేరు లేదు, నంబరు మాత్రం ఉంది. ఆ నంబరును గానీ డీలరు పేరును గానీ ఇక్కడ ఇవ్వడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాల్లో చాలావాటికి ఆయన ఒక్కడే కర్త కాడు. హోటళ్ల గురించి, బట్టల దుకాణాల గురించి అభిప్రాయాలు రాసేవారు వందల్లో ఉన్నారు కానీ, జిల్లాలో అత్యధిక కుటుంబాలు నెలకొకసారి తప్పనిసరిగా వెళ్లే దుకాణం గురించి రాసేవారు కనబడరు. ఉచితంగా వచ్చే సరుకును వంక పెట్టడం మర్యాద కాదన్న సంకోచం అందుకు కారణం కావచ్చు. ఆ సంకోచం నాకు లేదు. పొలంలో పండించింది మనం, పన్ను కట్టింది మనం, కాబట్టి తూకం సరిగా ఉందా లేదా అని అడగవలసినదీ మనమే.

మామూలు నెలల్లో ఈ దుకాణం ఎలా నడుస్తుందో తర్వాత చెబుతాను. ముందుగా 2020 సంవత్సరం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి దుకాణం దేనికోసం ఉందో, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో ఆ ఒక్క ఏడాది తేల్చి చూపింది.

ఆ ఏడాది మార్చి 22న జనతా కర్ఫ్యూ ముగుస్తుండగానే తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రమంతటా లాక్‌డౌన్ ప్రకటించింది. మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు గల మూడు నెలల్లో దేశ స్థూల ఉత్పత్తి అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని ఆగస్టు 31న వెలువడిన తొలి అంచనా చెప్పింది. మూడు నెలలకొకసారి లెక్కలు ప్రకటించడం మొదలైనప్పటి నుంచి అంతటి పతనం దేశంలో ఎన్నడూ నమోదు కాలేదు. ఆ మొత్తం అంకె కంటే దాని లోపలి అంకెలు పాలమూరు వాసులకు ఎక్కువ చెబుతాయి: నిర్మాణ రంగం 50.3 శాతం కుంగింది, వ్యాపారం, హోటళ్లు, రవాణా కలిపి 47 శాతం కుంగాయి, వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. తరతరాలుగా ప్రాజెక్టుల మట్టిపనికీ, ముంబయి, పుణె నగరాల కట్టడాలకూ కూలీలను పంపిన జిల్లా ఇది. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలో ఆనకట్ట కట్టిన ప్రతి చోటా వినిపించింది. సగానికి సగం కూలిపోయిన రంగమే ఈ జిల్లా వలస కుటుంబాలకు తిండి పెట్టే రంగం. కోస్గి, మద్దూరు, నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్లలో నెలనెలా ముంబయి నుంచి వచ్చే డబ్బు మార్చి చివరి వారంలో ఆగిపోయింది. డబ్బుకు బదులు కొన్ని వారాల తర్వాత మనుషులే నెత్తిన మూటలతో తిరిగి వచ్చారు.

రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్‌తో పాటే ప్రకటించిన సాయం రెండు భాగాలుగా ఉంది. ఆహార భద్రత కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు ఇచ్చే 6 కిలోలకు బదులు 12 కిలోల బియ్యం ఉచితంగా ఇస్తామన్నది మొదటిది, 87.59 లక్షల కార్డుదారుల కుటుంబాలకు ఇంటికి 1,500 రూపాయల చొప్పున నగదు జమచేస్తామన్నది రెండవది. నగదుకే 1,314 కోట్ల రూపాయలు అవసరమైంది. బ్యాంకు ఖాతా లెక్క కుదరనివారికి తపాలా కార్యాలయాల ద్వారా ఆ డబ్బు ఇచ్చారు. కేంద్రం తన వంతుగా ఏప్రిల్ నుంచి ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద మనిషికి 5 కిలోల ధాన్యం అదనంగా ఇచ్చింది, కుటుంబానికి కిలో పప్పు చేర్చింది, మహిళల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలపాటు 500 రూపాయల చొప్పున వేసింది. 500 రూపాయలతో మూడు నెలల్లో ఏ ఇల్లూ నిలబడలేదని అందరికీ తెలుసు. కానీ చేతిలో కొంత నగదు ఉంటేనే నూనె, ఉప్పు, కారం, మందులు వస్తాయి గనుక, బియ్యంతో పాటు డబ్బు కూడా ఇవ్వడం ఆ సమయంలో తీసుకున్న సరైన నిర్ణయాల్లో ఒకటి అని నా అభిప్రాయం.

ఇవన్నీ ప్రకటనలు. వాటిని ఇంటి గుమ్మం దాకా చేర్చింది ఈ రేకుల షెడ్డూ, ఇలాంటి వేల ఇతర షెడ్లూ. ఏప్రిల్ మొదటి రోజుల్లో మా దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీశారు, వీధుల వారీగా టోకెన్లు పంచారు. డీలరు, ఆయన భార్య, తమ్ముడి కొడుకు ముగ్గురూ ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని ఉదయం నుంచి చీకటి పడేదాకా తూచారు. ఆరుగురున్న ఇంటికి 72 కిలోలు వస్తాయి కాబట్టి సైకిల్ మీద రెండు తడవలుగా మోసుకెళ్లినవారు ఉన్నారు. ఆటోలు లేవు, బస్సులు లేవు. ముసలివాళ్ల మూటలు ఎత్తి ఇంట్లో పెట్టివచ్చిన కుర్రవాళ్లు ఆ వీధివాళ్లే. టోకెన్ల పద్ధతి మొదట్లో కొంత గందరగోళంగా సాగినా రెండో వారానికి కుదురుకుంది. ఆ నెల బియ్యం రంగు కొద్దిగా ముదురుగా ఉంది, దొడ్డు రకం, నూక ఎక్కువ. అయినా పురుగు లేదు, తడి వాసన లేదు, తూకంలో తేడా ఉందన్న మాట వరుసలో ఎవరి నోటా నేను వినలేదు. దేశంలో సగం పనులు ఆగిపోయిన నెలలో ఒక దుకాణం తన సరుకును రెట్టింపు పరిమాణంలో, సమయానికి, ధర లేకుండా అందించిందంటే సేవ విషయంలో అంతకంటే పెద్ద కితాబు ఉండదు.

అది ఎలా సాధ్యమైందన్నది ఆలోచించదగిన విషయం. కష్టం వచ్చిన తర్వాత కొత్తగా కట్టినది అందులో దాదాపు ఏమీ లేదు. ఏప్రిల్ 1 నాటికి కేంద్ర నిల్వల్లో ఉండవలసిన కనీస ధాన్యం 210 లక్షల టన్నులు కాగా 2020లో అందుకు మూడు రెట్లకు పైగా గోదాముల్లో ఉంది. అంతకు ముందు ఏళ్లలో ఆ నిల్వలను చూసి గింజలు ముక్కిపోతున్నాయని, అనవసరపు ఖర్చని విమర్శించినవారు చాలామంది. ఆ విమర్శలో నిజమూ ఉంది. కానీ ఆ గుట్టలే లేకపోతే ఏప్రిల్‌లో ధాన్యం ఎక్కడినుంచి తెచ్చి పంచేవారు? తెలంగాణలో 2015 జనవరి నుంచే కుటుంబానికి ఇన్ని కిలోలే అన్న పరిమితి తీసేసి తలకు 6 కిలోలు ఇస్తున్నారు గనుక, 6ని 12 చేయడానికి లెక్కలో ఒక్క అంకె మార్చితే సరిపోయింది. దుకాణం ఉంది, డీలరు ఉన్నాడు, వేలిముద్రతో కార్డుదారులను గుర్తించే యంత్రం ఉంది, కార్డుల జాబితా ఉంది, మిల్లు నుంచి గోదాముకూ గోదాము నుంచి దుకాణానికీ లారీలు తిరిగే దారి ఉంది.

ఆ దారికి మొదటి కొస నల్లగొండ జిల్లాలో ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం, దాన్ని ఆడించే మిర్యాలగూడ మిల్లులు లేకుండా దక్షిణ తెలంగాణ రేషన్ గురించి మాట్లాడలేం. 2020 యాసంగి కోతలు సరిగ్గా లాక్‌డౌన్‌లోనే వచ్చాయి. మార్కెట్ యార్డులకు రైతులు గుంపులుగా రాకూడదు కాబట్టి ప్రభుత్వం ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరిచింది. వాటిని ఎక్కువగా నడిపింది మహిళా సంఘాలు, సహకార సంఘాలు. ఎ గ్రేడు ధాన్యానికి క్వింటాలుకు 1,835 రూపాయలు, సాధారణ రకానికి 1,815 రూపాయలు మద్దతు ధర. ఆ సీజనులో రాష్ట్రంలో 60 లక్షల టన్నులకు పైగా వడ్లు కొన్నారు. తరుగు పేరుతో బస్తాకు ఇంత కోస్తున్నారని రైతులు గొడవపడిన కేంద్రాలూ ఉన్నాయి, గన్నీ సంచులు లేక కుప్పల మీద అకాల వర్షం పడిన ఊళ్లూ ఉన్నాయి. అయినా పల్లెలకు ఆ వేసవిలో నగదు వచ్చిన ప్రధాన దారుల్లో అదొకటి. రెండోది ఉపాధి హామీ పని.

మిల్లుల్లో హమాలీ పని ఎక్కువగా బీహార్ కూలీలది. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వెయ్యిమందికి పైగా కూలీలతో బయలుదేరిన రైలు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు అని చాలామందికి గుర్తుంటుంది. అది జరిగిన వారానికి, అదే లింగంపల్లి స్టేషనులో, బీహార్‌లోని ఖగడియా నుంచి వచ్చిన రైలు దిగి రెండు వందల మందికి పైగా హమాలీలు మన రైస్ మిల్లులకు పనికి వచ్చారన్నది అంతగా ఎవరూ చెప్పుకోని సంగతి. దేశమంతా ఇంటిముఖం పట్టిన రోజుల్లో వాళ్లు ఎదురుదారిలో వచ్చారు. మా దుకాణంలో తూచిన బియ్యం వెనుక ఆ భుజాలూ ఉన్నాయి. వాళ్ల పేర్లు మాత్రం మన రేషన్ జాబితాలో ఉండవు.

ఇక్కడికే నా ప్రధానమైన ఫిర్యాదు వస్తుంది. ఈ దుకాణానికి కళ్లు లేవు, జాబితా ఒక్కటే ఉంది. జాబితాలో పేరుంటే ఆరు కిలోలైనా పన్నెండైనా వస్తుంది. పేరు లేకపోతే ఎదురుగా ఆకలితో నిలబడినా డీలరుకు ఇవ్వడానికి గింజ లేదు. జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో వచ్చినప్పుడు దేశ జనాభాలో దాదాపు 67 శాతాన్ని లెక్కలోకి తీసుకుంది, కానీ ఆ జనాభా 2011 జనగణనది. తెలంగాణ తన ఖర్చుతో ఇంకా చాలామందిని చేర్చుకోవడం వల్ల ఇక్కడ పరిస్థితి కొంత మెరుగు. అయినా 2020 ఏప్రిల్ వరుసలో నేను చూసినవి చెబుతాను. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉండిపోయింది, అత్తింటి కార్డులో ఎక్కలేదు. బడికి వెళ్లే వయసు వచ్చిన పిల్లవాడి పేరు ఏ కార్డులోనూ లేదు. వేరుపడిన అన్నదమ్ములకు ఇంకా ఒకే కార్డు ఉంది, అది ఎవరి దగ్గరుంటే వారిదే బియ్యం. “మా చిన్నోని పేరు ఎక్కలే సారూ, దరఖాస్తు ఇచ్చి మస్తు దినాలాయె” అని ఒక తల్లి డీలరుతో అంటుంటే ఆయన “నేనేం జేయాలె అక్కా, మిషన్ల ఉంటెనే బియ్యం వస్తయి” అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

వలస వచ్చినవారి సంగతి అంతకంటే కష్టం. రాష్ట్రంలో చిక్కుకున్న ఇతర రాష్ట్రాల కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం గానీ పిండి గానీ, దాంతో పాటు 500 రూపాయల నగదూ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అలా ప్రకటించడం మెచ్చుకోదగినదే. కానీ అందుకు మళ్లీ ఒక జాబితా కావాలి, దాన్ని రెవెన్యూ సిబ్బంది తిరిగి రాయాలి, పట్టణానికి దూరంగా ఉన్న ఇటుక బట్టీల దాకా వెళ్లి రాయాలి. ఒడిశా నుంచి వచ్చి బట్టీల దగ్గరే గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఆ లెక్కలోకి వచ్చేసరికి ఆలస్యమైంది. మనవాళ్లకు ముంబయిలో జరిగినదీ ఇంతే. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒక జంటగా, మహారాష్ట్ర, గుజరాత్ మరో జంటగా ప్రయోగం మొదలైంది. 2020 జనవరికి పన్నెండు రాష్ట్రాలకు విస్తరించింది. అంటే కోస్గి కార్డుతో ముంబయిలో బియ్యం తీసుకునే వీలు కాగితం మీద అప్పటికే ఉంది. తిరిగి వచ్చి మా వరుసలో నిలబడిన కూలీల్లో ఆ మాట విన్నవారు నాకు తారసపడలేదు. ఈ పథకాన్ని ఇంకా అమలు చేయని రాష్ట్రాలు 2021 జులై 31లోగా అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది జూన్ 29న ఆదేశించవలసి వచ్చింది.

జాబితా వదిలేసిన చోటును అప్పుడు పూడ్చింది పక్కింటివాళ్లు. మా బస్తీలో మహిళా సంఘం సభ్యులు తమకు వచ్చిన పన్నెండేసి కిలోల్లోంచి గిన్నెడేసి తీసి ఒక డ్రమ్ములో పోశారు. ఆ డ్రమ్మును దుకాణం షట్టరు పక్కనే పెట్టడానికి డీలరు ఒప్పుకోవడం వల్ల, ఇచ్చేవారికీ తీసుకునేవారికీ వేరే చోటు వెతుక్కునే పని తప్పింది. రంజాన్ నెల ఏప్రిల్ చివర మొదలైంది. మసీదు కమిటీ పెద్దలు ఇఫ్తార్ విందులకు పెట్టే ఖర్చును సరుకుల పొట్లాలుగా మార్చి పేరూ మతమూ అడగకుండా పంచారు. హనుమాన్ గుడి వెనుక వంట మొదలుపెట్టిన కుర్రవాళ్లు రహదారి వెంట నడిచిపోయే కూలీలకు పులిహోర పొట్లాలు, మజ్జిగ ఇచ్చారు. ఇంటి అద్దె రెండు నెలలు అడగకుండా ఉన్న యజమానులూ ఉన్నారు, అడిగి ఖాళీ చేయించినవారూ ఉన్నారు. నాయకుల పంపకాల గురించి ఎక్కువ రాయదలచుకోలేదు. అయిదు కిలోల సంచికి పదిమంది చేతులు ఆనించి ఫొటో దిగడం అందరమూ చూశాం.

సంఘాల పాత్రను దానధర్మం కింద జమకట్టడం పొరపాటు. అవి పొదుపు, అప్పు లెక్కల మీద నడిచే వ్యవస్థలు. 2020 మార్చి చివర కేంద్రం స్వయం సహాయక సంఘాలకు పూచీకత్తు లేని రుణ పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది. రిజర్వు బ్యాంకు వాయిదాలపై మారటోరియం ఇచ్చి ఆగస్టు చివరిదాకా పొడిగించింది. వడ్డీ మాత్రం ఆగలేదన్న సంగతి చాలామందికి తర్వాత తెలిసింది. సంఘంలో ఒకరి వాయిదాను మిగిలినవారు సర్దిన సందర్భాలు మా దగ్గరే ఉన్నాయి, ఆ సర్దుబాటు తర్వాత మనస్పర్థలకు దారితీసిన సందర్భాలూ ఉన్నాయి. ఉపాధి హామీ విషయానికి వస్తే, 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదటి విడతలోకి వచ్చిన జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. 2020లో కేంద్రం దానికి అదనంగా 40,000 కోట్లు కేటాయించింది. అప్పుడు తెలంగాణలో రోజు కూలి 237 రూపాయలు. ముంబయిలో సెంట్రింగ్ పనికి దానికి రెండు మూడింతలు సంపాదించిన యువకుడు ఊరి చెరువులో పూడిక తీయడానికి తట్ట ఎత్తాడంటే అది అతని ఇష్టం వల్ల కాదు. కానీ ఆ తట్ట పని కూడా సరిగా దొరకని చోట్లతో పోల్చుకుంటే ఇక్కడి ఊళ్లు తేరుకోవడానికి ఒక ఆసరా దొరికింది.

నల్లగొండ వైపు పెద్దలకు సర్కారు ధాన్యం అంటే మరో జ్ఞాపకం కూడా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం పంటలో భాగాన్ని లెవీ గల్లా పేరుతో వసూలు చేసింది. దేశ్‌ముఖ్‌లు తప్పించుకుంటే చిన్న రైతు ఇంట్లోని తిండిగింజలే బండికెక్కాయి. సాయుధ పోరాటానికి ముందు జనం కోపానికి ఉన్న కారణాల్లో అదొకటి. అదే నేలలో, మూడు తరాల లోపల, ధాన్యం సర్కారు గోదాము నుంచి ఇంటికి రావడం మొదలైంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పటి నుంచి తెల్లకార్డు ప్రతి ఎన్నికలోనూ ఒక మాటగా ఉంటూ వచ్చింది. ఓట్ల కోసమే ఇదంతా అని కొందరు చప్పరించేస్తారు. ఓట్ల కోసమే అయినా ఆ నలభై ఏళ్లలో పడ్డ దారి 2020లో అక్కరకు వచ్చింది.

అలాంటి దారి లేని చోట ఏం జరుగుతుందో రెండేళ్లకే శ్రీలంకలో చూశాం. అక్కడ 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించడంతో వరి దిగుబడి దెబ్బతింది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు చెల్లించలేమని ప్రకటించింది. సెప్టెంబరు నాటికి ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. పెట్రోలు పంపకానికి క్యూఆర్ కోడ్ పద్ధతి పెట్టి వరుసలను తగ్గించగలిగారు గానీ, బియ్యం పంచడానికి ప్రతి ఊళ్లో నిలువ సరుకుతో నడిచే దుకాణం లేదు. పట్టణాల్లో చర్చిలు, ఆలయాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపిన సామూహిక వంటశాలలే చాలామందికి దిక్కయ్యాయి. మనకు డాలర్ల సంక్షోభం రాలేదు, వాళ్లకు వచ్చింది. రెండు పతనాలకూ కారణాలు వేరు. ఆకలి వరకు మాత్రం తేడా ఎక్కడ వచ్చిందో గోదాములే చెబుతాయి.

ఇప్పుడు మామూలు నెలల సేవ గురించి. బియ్యం నాణ్యత గతంలో ఈ దుకాణానికున్న పెద్ద లోపం. దొడ్డు బియ్యం తినలేక చాలా ఇళ్లు వాటిని ఇంటింటికీ తిరిగే కొనుగోలుదారులకు చవకగా అమ్మేసేవి, అవి ఏ దారిన పోయేవో అందరికీ తెలుసు. 2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీని ప్రభుత్వం ప్రారంభించింది. ఆ తర్వాత మా వీధిలో సంచులు కొనేవాడి కేక తగ్గిందన్నది నా కళ్లతో చూసిన మార్పు. అన్నం పొడిపొడిగా వస్తుంది; కొత్త బియ్యం వచ్చిన నెలలో కొంచెం ముద్దగా అవుతుంది, నీళ్లు తగ్గించి వండుకోవాలి. నూక శాతం ఒక నెలకూ మరో నెలకూ తేడాగా ఉంటుంది, ఇది డీలరు చేతిలో లేదు. 2025 జూన్‌లో వానాకాలం దృష్ట్యా మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. ఆలోచన మంచిదే గానీ, ఒక్కో కార్డుకు పలుమార్లు వేలిముద్ర వేయవలసి రావడంతో వరుస కదలలేదు, సరుకు నిలువ చేసే చోటు కూడా ఈ చిన్న షెడ్డులో చాలలేదు.

తూకం విషయంలో యంత్రానికి అనుసంధానించిన ఎలక్ట్రానిక్ కాంటా ఉంది కాబట్టి పెద్ద మోసానికి తావు లేదు. ఖాళీ సంచి బరువు తీసేయమని అడిగినవారికి తీసేస్తారు, అడగనివారికి ఒక్కోసారి మరిచిపోతారు. అడగడం అలవాటు చేసుకోవాలి. వేలిముద్ర పెద్ద చిక్కు. మట్టిపని, సిమెంటు పని చేసిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి; కనుపాపతో గుర్తించే సదుపాయం ఉన్నా ఆ పరికరాన్ని బయటకు తీయడానికి డీలరు బద్ధకిస్తాడు. “రేపు రా అవ్వా, సర్వర్ లేదు” అన్న మాట ఈ దుకాణంలో చాలా తరచుగా వినబడుతుంది. సర్వర్ నిజంగా పనిచేయని రోజులున్నాయి, ఆయనకు భోజనవేళ అయిన రోజులూ ఉన్నాయి. క్వింటాలుకు 20 రూపాయలున్న కమీషను రాష్ట్రం ఏర్పడిన తర్వాతి పెంపుల్లో 2023 నాటికి 140కి చేరింది. అద్దె, కరెంటు, హమాలీ ఖర్చు పోగా మిగిలేది చూస్తే ఆయన విసుగును అర్థం చేసుకోగలం, కానీ ముసలమ్మను రెండుసార్లు తిప్పడాన్ని సమర్థించలేం.

వేరే ఊరి కార్డుతో వచ్చేవారి పట్ల ఈ దుకాణం తీరు ఇంకా మెరుగుపడాలి. రాష్ట్రంలో ఏ కార్డుకైనా ఏ దుకాణంలోనైనా ఇవ్వాలన్న నిబంధన ఉంది. నెల మొదట్లో ఇబ్బంది లేదు. సరుకు అడుగంటే రోజుల్లో “మీ ఊళ్లనే తీసుకోరాదు” అని చెప్పి పంపడం నేను చూశాను. తన కార్డులవాళ్లకు తక్కువ పడుతుందన్న భయం ఆయనది. కట్టడం పనికి అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వచ్చి ఇక్కడ గుడిసె వేసుకున్న కుటుంబానికి ఊరికి వెళ్లిరావడానికి అయ్యే బస్సు ఖర్చు, పోయే కూలి కలిపితే బియ్యం విలువ మించిపోతుంది.

జాబితా విషయంలో ఆలస్యంగానైనా కదలిక వచ్చింది. 2021 జులైలో కొన్ని కొత్త కార్డులు ఇచ్చిన తర్వాత చాలాకాలం ఆ పని ఆగిపోయింది; 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. మా వీధిలో కోడళ్ల పేర్లు, పిల్లల పేర్లు చాలావరకు ఎక్కాయి. 2020లో చంకనెక్కి వచ్చిన పిల్లవాడు కార్డులో పేరెక్కేనాటికి సంచి పట్టుకుని రాగల వయసువాడయ్యాడు. మరో పతనం వస్తే అది జాబితా సరిచేసుకునే దాకా ఆగదు కాబట్టి, పేర్లు చేర్చడం, తీయడం ఏటేటా ఎన్నికల జాబితా సవరించినట్టు నడవాలన్నది ఈ సమీక్షలో నేను ప్రభుత్వాన్ని అడిగే ఒకే ఒక్క మార్పు.

మొత్తం మీద ఈ దుకాణానికి అయిదింట మూడున్నర ఇస్తాను. 2020 ఏప్రిల్, మే నెలలకే విడిగా వేయమంటే నాలుగున్నర వేస్తాను. వేలిముద్ర పడని ముసలివాళ్లను, పొరుగూరి కార్డులవాళ్లను అడిగితే రెండు కూడా రాకపోవచ్చు. కొత్తగా ఈ బస్తీకి వచ్చినవారు నెల మొదటి వారంలో, ఉదయం పూట వెళ్లడం మంచిది. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఉంటుంది, సాయంత్రం నాలుగు దాటాకే మళ్లీ ఎత్తుతారు. ఆధార్ కార్డు, గట్టి గోనెసంచి వెంట ఉంచుకోండి. యంత్రం ఇచ్చే రసీదును అడిగి తీసుకుని అందులో రాసిన కిలోలను కాంటా మీది అంకెతో సరిచూసుకోండి. వేలిముద్ర మూడుసార్లు పడకపోతే కనుపాప పరికరం తీయమని పేరు పెట్టి అడగండి, లేదంటే 1967 నంబరుకు ఫోను చేస్తానని చెప్పండి. ఈ దుకాణంలో ఆ మాటకు పరికరం బయటికి వస్తుంది.